ఒసాకా చుట్టూ మూడు బౌద్ధ మజిలీలు

జపాన్‌లోని ఒసాకా నగరానికి వెళ్లినవారు కోటను, అంగడి వీధులను చూసి తిరిగి వస్తారు. బౌద్ధ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం మరో మూడు చోట్లు చూడాలి. ధమ్మం రాజులదా, జనానిదా అన్న ప్రశ్నను ఆ మూడూ మన ముందు పెడతాయి.

మొదటిది నగరంలోనే ఉన్న షితెన్నోజి ఆలయం. దీన్ని 593లో రాకుమారుడు షోతోకు నెలకొల్పాడని చెబుతారు. ఎన్నోసార్లు కాలిపోయినా అదే వరుసలో మళ్లీ కట్టారు. ద్వారం, స్తూపగోపురం, బుద్ధమందిరం, ప్రవచనశాల ఒకే గీత మీద నిలుస్తాయి. మందులిచ్చే ఇల్లు, వైద్యశాల, దిక్కులేనివారికి ఆశ్రయం కూడా ఇక్కడే నడిచాయని సంప్రదాయం చెబుతుంది.

రెండోది తూర్పున ఉన్న నారా. రైలులో గంటలోపే చేరుకోవచ్చు. అక్కడి తోదాయిజిలో సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుడున్నాడు. 743లో షోము చక్రవర్తి ఈ విగ్రహం చేయించాలని ఆజ్ఞ ఇస్తూ, గడ్డిపరకో గుప్పెడు మట్టో తెచ్చి సాయపడతామన్నవారిని కూడా రానివ్వమన్నాడు. జనాన్ని కూడగట్టింది గ్యోకి అనే భిక్షువు. వీధుల్లో బోధిస్తున్నాడని 717లో ప్రభుత్వం ఆయనను మందలించింది. వంతెనలు, చెరువులు కట్టించిన ఆయననే 745లో అత్యున్నత భిక్షు పదవిలో కూర్చోబెట్టింది. 752లో విగ్రహానికి కళ్లు దిద్దినవాడు భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయన కుంచెకు కట్టిన పొడవాటి తాడును జనం పట్టుకుని ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారు.

మూడోది నారా ప్రాంతంలోనే గోసె పట్టణంలో ఉన్న కషివబారా. యాత్రికులు తక్కువగా వెళ్లే ఊరు. తోలుపని, పశువధ వంటి వృత్తులవారిని జపాన్ సమాజం శతాబ్దాలపాటు అంటరానివారిగా చూసింది. 1871లో చట్టం ఆ హీన నామాలను రద్దు చేసినా వివక్ష పోలేదు. కొన్ని ఆలయాలైతే చనిపోయినవారికిచ్చే ధర్మనామాల్లో కూడా అవమానకరమైన అక్షరాలు చెక్కించాయి. బుద్ధుడి పేరుతో నడిచే చోట సమాధిరాయిని కూడా కులం వదల్లేదు.

ఈ ఊరి ఆలయంలో పుట్టిన సైకో మంకిచి, ఆయన మిత్రులు దీనికి ఎదురు నిలిచారు. 1922 మార్చి 3న క్యోటోలో సుయిహెయిషా, అంటే సమతా సంఘం, పుట్టింది. జాలి చూపే సంస్కర్తలు తమకు అక్కరలేదని, తమ విముక్తిని తామే సాధించుకుంటామని అది ప్రకటించింది. తమవారి నుంచి విరాళాలు వసూలు చేయడం ఆపమని హోంగాంజి మఠాలను నిలదీసింది. ఆ మఠాల సంప్రదాయం తన ఆచార్యుల్లో మొదటివాడిగా కొలిచేది మన నాగార్జునుడినే. 1980లలో పలు శాఖలు అవమానపు ధర్మనామాలను వెతికించి, సరిదిద్దే పని చేపట్టాయి.

కంచు బుద్ధుణ్ని చూడటానికి నారాకు రోజూ వేలమంది వస్తారు. కషివబారాలో సుయిహెయిషా చరిత్రను చూపే మ్యూజియం ఉంది. నారా దాకా వెళ్లినవారు అక్కడికి కూడా వెళ్లాలి. బౌద్ధం ఒక దేశమంతటా పరచుకున్నంత మాత్రాన కులభేదం దానంతటదే చచ్చిపోదు. బాధితులు సంఘటితమై ధమ్మాన్నే సాక్షిగా నిలబెట్టి అడిగినప్పుడే మఠాలు కదిలాయి. ఈ పాఠం మనకు కూడా అవసరమే.