ధర్మరాజు కుక్క, మా ఇంటి రాజు

మా చిన్నవాడు ఎనిమిదో తరగతి. సంక్రాంతి సెలవుల్లో స్నేహితుడి ఇంట్లో కుక్కపిల్లని చూసి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. "అమ్మా, మనమూ తెచ్చుకుందాం. అన్నీ నేనే చూసుకుంటాను" అని. వాళ్ళ నాన్నగారేమో పేపర్లోంచి తల ఎత్తకుండా "మీ అమ్మని అడుగు" అనేశారు. ఇంట్లో చిక్కు ప్రశ్నలన్నీ చివరికి వంటింటి గుమ్మం దగ్గరికే వస్తాయి కదా!

నేను వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. నా తటపటాయింపుకి కారణం వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ కారణం పేరు రాజు. నా చిన్నప్పటి మా ఇంటి కుక్క.

మా రాజు కంటే ముందు ఇంకో రాజు గురించి చెప్పాలి. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, భారతం తలుచుకోకుండా ఏ కథా మొదలుపెట్టలేను. ఎప్పుడైనా గమనించారా, భారతకథ మొదట్లో ఒక కుక్క ఉంది, చివర్లో ఇంకో కుక్క ఉంది. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు అక్కడికి వచ్చి ఆడుకుంటూ ఉంటాడు. ఏ తప్పూ చెయ్యలేదు, అయినా రాజుగారి తమ్ముళ్ళు కొడతారు. వాడు ఏడుస్తూ వెళ్ళి అమ్మతో చెబుతాడు. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీస్తుంది. మంచీ చెడూ ఆలోచించకుండా బలహీనుల్ని హింసించేవాళ్ళకి అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోతుంది. అంత చక్రవర్తీ ఆ మాటకి భయపడి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. నన్నయగారి భారతంలో ఆ ఘట్టం చదివినప్పుడు మా క్లాసులో అందరం నవ్వాం, కుక్క వచ్చి రాజుని తిట్టడమేమిటని. ఇప్పుడు నవ్వు రాదు.

ఇక చివర్లో సంగతి అందరికీ తెలిసిందే. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కతో స్వర్గానికి రాకూడదంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేసి వచ్చే స్వర్గం నాకక్కర్లేదంటాడు ధర్మరాజు. ఆ కుక్క యమధర్మరాజని తర్వాత తెలుస్తుంది కాబట్టి మనం ఆ ముగింపునే గుర్తుపెట్టుకుంటాం. కానీ మాట అనే సమయానికి ధర్మరాజుకి ఆ సంగతి తెలీదు. ఆయన కళ్ళకి అది దారిలో వెంటపడ్డ మామూలు కుక్కే. అసలు విషయం అక్కడుంది.

కావ్యాలు సరే, రాళ్ళ మీద కూడా ఈ చరిత్ర ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలున్నాయి. ఆయన శాసనాల్లో ఒకటి మనుషులకీ పశువులకీ ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు నాటించానని, దారుల పక్కన బావులు తవ్వించానని చెబుతుంది. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందటే, నోరులేని జీవాల వైద్యం రాజు బాధ్యత అని రాయించుకున్నాడన్నమాట.

నాకు ఇంకా ఇష్టమైనది కర్ణాటకలోని ఆతకూరు శాసనం. 949 ప్రాంతంలో తక్కోలంలో రాష్ట్రకూటులకీ చోళులకీ పెద్ద యుద్ధం జరిగింది. అందులో బాగా పోరాడిన మణలేరుడనే వీరుణ్ణి గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆయన అడిగింది కాళి అనే వేటకుక్కని! తర్వాత ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దానికోసం ఆతకూరులో గుడి ముందు రాయి వేయించి, కుక్కా పందీ పోట్లాడుతున్న బొమ్మ చెక్కించి, పూజకి పొలం కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. చచ్చిపోయాక కూడా కుక్క పట్ల యజమానికి బాధ్యత ఉంటుందనుకున్న కాలం అది.

అలాగని పూర్వం అంతా బంగారం అనడం లేదు. కుక్కని గుమ్మం దాటనివ్వని ఇళ్ళే మనవి ఎక్కువ. తిట్లలోనూ సామెతల్లోనూ దాన్ని పెట్టిన చోటు మీకు తెలిసిందే. అయినా ఊళ్ళో కుక్కకి ఏదో ఒక అరుగు, ఎవరో ఒకరు వేసే చద్దన్నం ముద్ద ఉండేవి. ఎవరిదీ కాని కుక్క అందరిదీ అయ్యేది.

పట్నాలు పెరిగాక ఆ లెక్క చెడింది. 1832లో బొంబాయిలో జరిగిన గొడవే చూడండి. వీధికుక్కలు ఎక్కువయ్యాయని కుంఫిణీ ప్రభుత్వం వాటిని చంపించే ఏర్పాటు చేసింది. చంపినవాళ్ళకి కుక్కకి ఇంతని డబ్బు. డబ్బు వస్తుందంటే వీధికుక్క ఏది, ఇంటికుక్క ఏది అని చూసేదెవరు? ఇళ్ళ దగ్గరున్న కుక్కల్ని కూడా లాక్కెళ్ళారని జనం మండిపడ్డారు. కుక్కని పవిత్రంగా చూసే పార్శీలు ముందు నిలబడ్డారు. చావు జరిగినప్పుడు శవాన్ని కుక్కకి చూపించడం వాళ్ళ ఆచారం. జూన్ నెలలో రెండు రోజులు దుకాణాలు మూసేసి ఊరిని స్తంభింపజేశారు, చివరికి సైన్యం దిగాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకొకటి అనిపించింది. ఇంటికుక్కకీ వీధికుక్కకీ తేడా కుక్కలో లేదు. వెనకాల నిలబడి "ఇది నాది" అనే మనిషి ఉన్నాడా లేడా, అంతే తేడా.

ఇప్పుడు మా రాజు దగ్గరికి వస్తాను.

1989. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌనులో ఉండేవాళ్ళం. నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఎవరో ఇచ్చిన గోధుమరంగు పిల్లని తెచ్చి రాజు అని పేరు పెట్టుకున్నాం. సత్తుగిన్నెలో మజ్జిగన్నం, జామచెట్టుకి గొలుసు. అదే మాకు తెలిసిన పెంపకం. టీకా వేయించాలని ఎవరికీ తోచలేదు. పశువుల ఆసుపత్రి అంటే ఆవులకీ గేదెలకీ అనుకునేవాళ్ళం. పగలంతా కట్టేసి ఉండేసరికి దానికి కోపం ఎక్కువైంది. ఒకరోజు గొలుసు ఊడితే వీధిలోకి పరిగెత్తి, పక్కింటి ఏడేళ్ళ పిల్లాడి పిక్క పట్టుకుంది.

ఆ పిల్లాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. రోజుకొకటి. నాన్నగారే సైకిల్ మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. వాడు వీధి మొదట్లోనే ఏడుపు మొదలుపెట్టేవాడు. ఆ ఏడుపు వినపడగానే మా అమ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకునేది.

ఆ సూదుల చరిత్ర నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడికి పిచ్చికుక్క కాటుకి టీకా వేయించాడు, వాడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ పేరుతో సంస్థలు పెట్టారు. కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడుతో చేసే టీకాని తయారుచేశాడు. పొట్టకి వేసే సూదులు అవే. ప్రాణాలు కాపాడాయి కానీ నొప్పి ఎక్కువ, ఒక్కోసారి పక్షవాతం లాంటి ప్రమాదమూ ఉండేది. ఇంతకంటే మంచి టీకాలు వచ్చాక కూడా మన దేశంలో 2004 దాకా అవే వాడారు. ఇప్పుడు భుజానికి నాలుగైదు ఇంజక్షన్లతో సరిపోతోంది. కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు గాయం కడగాలి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపూ కారమూ పెట్టకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

మేం ఆ రోజు రాజుకి ఏటా వేయించాల్సిన ఒక్క టీకా వేయించి ఉంటే, పిల్లాడికి కాటు నొప్పి తప్పకపోయినా మాకు ఆ పద్నాలుగు రోజుల భయం ఉండేది కాదు. దాన్ని రోజూ కాసేపు తిప్పి ఉంటే ఆ కాటే ఉండేది కాదేమో. తప్పు కుక్కదని వీధంతా అన్నారు. మేమూ అన్నాం.

పిల్లాడు బాగానే ఉన్నాడు. రాజూ బాగానే ఉంది, దానికి పిచ్చి లేదు. మరుసటి వేసవిలో నాన్నగారికి బదిలీ అయింది. లారీలో సామాను ఎక్కించారు. బీరువా వచ్చింది, కుంపటి వచ్చింది, మొక్కల కుండీలు కూడా వచ్చాయి. రాజు రాలేదు. "కుక్కే కదా, వీధిలో బతుకుతుందిలే" అన్నారు. పాలబ్బాయికి అప్పజెప్పామని నాకు చెప్పారు. లారీ వెనకాల అది కాలవ వంతెన దాకా పరిగెత్తింది. నేను చూశాను. ఏమీ అనలేదు. రెండు నెలల తర్వాత పక్కింటి పిన్నిగారు, అదే ఆ పిల్లాడి వాళ్ళమ్మ, ఉత్తరం రాశారు. తాళం వేసిన మా ఇంటి గేటు ముందే పడుకుంటోందట, ఆవిడే అన్నం పెడుతున్నారట. తర్వాత ఉత్తరాల్లో దాని మాట లేదు. మేం అడగలేదు.

అప్పటికి మన దేశంలో దీనికి చట్టం ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. రుక్మిణీదేవి అరండేల్ పేరు వినే ఉంటారు, మద్రాసులో కళాక్షేత్రం స్థాపించిన నాట్యకారిణి. ఆవిడ రాజ్యసభ సభ్యురాలిగా జంతువుల కోసం బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ బోర్డుకి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టంలో పదకొండో సెక్షన్ చదివితే మా జామచెట్టు కనిపించింది నాకు. ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం నేరం. తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం నేరం. కారణం లేకుండా వదిలేసి, ఆకలిదప్పులకి గురిచెయ్యడం నేరం. మొదటిసారి చేస్తే జరిమానా పది నుంచి యాభై రూపాయలు! అరవై ఏళ్ళు దాటినా అంతే. ఇవాళ ఆ డబ్బుతో ఒక కొబ్బరిబోండాం రావడమే కష్టం.

ఇప్పుడు మనం మారామా? 2003లో ఒక ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగే పగ్ కుక్క వచ్చింది. అందరికీ అదే కావాలి. నొక్కుకుపోయిన ఆ ముక్కుతో మన ఎండల్లో అది ఊపిరి తీసుకోవడానికి ఎంత అవస్థ పడుతుందో ప్రకటనలో చూపించరుగా. 2020లో కరోనా మొదట్లో, కుక్కల వల్ల వస్తుందేమోనని వదిలేసినవాళ్ళున్నారు. పెంపుడు జంతువుల్ని వదలకండని జంతు సంక్షేమ బోర్డు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. వీధికుక్కలకి ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2001లో నియమాలు వచ్చాయి, 2023లో వాటిని మళ్ళీ రాశారు. వాటి మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. వీధికుక్కల కాట్లకి పిల్లలు పోతున్న వార్తలు చదివి నేనూ వణికిపోతాను, ఆ తల్లుల కోపాన్ని కాదనను. కానీ వీధిలో ఉన్నవాటిలో కొన్ని నిన్నటిదాకా ఎవరింట్లోనో సోఫా మీద పడుకున్నవే. పిల్లల్ని కనకుండా ఆపరేషన్ చేయించక, పుట్టిన ఐదారు పిల్లల్ని సంచీలో పెట్టి మార్కెట్ దగ్గర వదిలినవాళ్ళ లెక్క ఏ కోర్టులోనూ తేలదు.

మొన్న రాత్రి మా వాణ్ణి కూర్చోబెట్టి రాజు కథ మొత్తం చెప్పాను. వంతెన దాకా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తాతయ్య అలా ఎందుకు చేశారు?" అన్నాడు. "తాతయ్య ఒక్కరే కాదు నాన్నా, నేనూ లారీలో కూర్చున్నాను" అన్నాను.

అప్పుడు ఇద్దరం కాగితం మీద లెక్క వేసుకున్నాం. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. వీడు నాలుగేళ్ళలో ఇంటర్ అయి హాస్టల్‌కి పోతాడు. మిగతా ఏళ్ళు ఎవరివి? నావి. ఏటా టీకాలు, ఆపరేషన్, మున్సిపాలిటీ లైసెన్సు, ఊరెళ్తే ఎవరి దగ్గర ఉంచాలి, అత్తయ్యగారికి మడి ఉన్న రోజుల్లో ఎక్కడ ఉంచాలి, అన్నీ రాశాం. కొనేది లేదు, తెచ్చుకుంటే వీధిలో పుట్టిన పిల్లనే తెచ్చుకోవాలని కూడా రాశాం. మన ఎండకీ మన తిండికీ అలవాటుపడ్డ జాతి అదే కదా.

మా కింది ఫ్లాట్‌లో తాతగారి దగ్గర ముసలి కుక్క ఒకటి ఉంది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. రెండు నెలలపాటు రోజూ పొద్దున్న ఆరింటికి దాన్ని తిప్పి, అది చేసినదాన్ని కాగితంతో ఎత్తి, తర్వాతే బడికి వెళ్ళాలి. ఒక్కరోజు మానినా లెక్క మొదటికొస్తుంది. ఇదీ ఒప్పందం.

ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. నిన్న వాన పడింది. నేను లేపకుండానే గొడుగు తీసుకుని వెళ్ళాడు.