చెన్నపట్టణంలో బ్రౌను భాషాసేవ

చెన్నపట్టణంతో తెలుగు భాషకు గల అనుబంధం అనేక తరాలనాటిది. తెలుగు వ్యాకరణానికీ, నిఘంటువుకూ, అచ్చు పుస్తకానికీ ఆధునిక కాలంలో ఒక రూపు ఏర్పడింది ఈ నగరంలోనే. ఆ కృషిలో పాలుపంచుకొన్న వారిలో ఆంగ్లేయుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను చిరస్మరణీయుడు.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు కావలసిన శిక్షణ పొంది, బ్రౌను 1817 ఆగస్టులో చెన్నపట్టణం చేరుకొన్నాడు. అప్పటికి అతనికి తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద అక్షరాభ్యాసం ప్రారంభించాడు. నుంగంబాకంలోని కాలేజి రోడ్డు నేటికీ ఆ కళాశాల పేరునే మోస్తున్నది.

1820లో పరీక్ష నెగ్గి బ్రౌను కడపలో ఉద్యోగంలో చేరాడు. కచేరిలో రైతుల మొర వినాలన్నా, అర్జీలు చదవాలన్నా తెలుగు తప్పనిసరి. అవసరం కొద్దీ నేర్చిన భాష క్రమంగా అభిమాన విషయమైంది. ఫ్రెంచి మతబోధకుడు దుబాయి రచించిన గ్రంథం ద్వారా అతనికి వేమన పేరు తెలిసింది. వేమనను నాటి పండితులు కవిగా పరిగణించేవారు కారు. ఆ పద్యాలు మాత్రం సామాన్యుల నాలుకలపై నిలిచి ఉన్నాయి. బ్రౌను అనేక ప్రతులు సేకరించి, సరిపోల్చి, 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో చెన్నపట్టణంలో ప్రకటించాడు. దేశీయ విద్వాంసులు చిన్నచూపు చూసిన కవిని ఒక విదేశీయుడు నెత్తిన పెట్టుకోవడం ఆలోచింపదగిన విషయం.

ఆ కాలంలో తెలుగు కావ్యాలు తాళపత్రాలపై శిథిలమవుతుండేవి. ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క పాఠం. లేఖకుల దోషాలకు అంతు లేదు. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులనూ లేఖకులనూ నియమించి, తన జీతం నుండే వారికి వేతనాలిచ్చాడు. ఆ పని అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో సాగింది. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి వ్రాయించడం వారి పద్ధతి. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆ పండితులలో ముఖ్యులు. జూలూరి అప్పయ్య మనుచరిత్ర, వసుచరిత్రలకు వ్యాఖ్యానాలు సంతరించాడు. గ్రంథాలపై బ్రౌను పేరు నిలిచినా, వాటి వెనుక ఈ పండితుల రాత్రింబవళ్ళ శ్రమ ఉన్నది. దానిని మరచి బ్రౌనును మాత్రమే కీర్తించడం న్యాయం కాదు.

ఉద్యోగ జీవితంలో బ్రౌను మార్గం పూలబాట కాలేదు. 1832–33లో నందన కరువు గుంటూరు సీమను పీడించింది. అధికారులు దానిని కొరతగా పేర్కొనదలచగా, బ్రౌను కరువును కరువుగానే వ్రాశాడు. సత్యమైన మాటకు మూల్యం చెల్లింపక తప్పలేదు. 1834లో ఉద్యోగం పోయి ఇంగ్లండుకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడా అతడు ఊరక కూర్చోలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో పట్టించుకొనేవారు లేక పడి ఉన్న దక్షిణ భారత లిఖిత ప్రతులను గుర్తించి, అవి చెన్నపట్టణం చేరేందుకు పాటుపడ్డాడు.

1837లో తిరిగివచ్చిన బ్రౌనుకు చెన్నపట్టణమే ప్రధాన కార్యక్షేత్రమైంది. పర్షియన్ అనువాదకుడుగానూ, అనంతరం పోస్టుమాస్టరు జనరల్‌గానూ పనిచేస్తూ, తీరిక వేళలన్నీ తెలుగుకే వెచ్చించాడు. అతని తెలుగు వ్యాకరణం 1840లో, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడ్డాయి. నిఘంటువును వేపేరిలోని క్రైస్తవ ముద్రణాలయంలో అచ్చువేశారు. కావ్యభాషతో తృప్తిపడక, జనం నోట వినవచ్చే పలుకులకూ అందులో స్థానం కల్పించడం బ్రౌను ప్రత్యేకత. కచేరి, వకీలు, జవాబు వంటి అన్యదేశ్యాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా కూర్చాడు. ఈ నగరంలోనే ఆ కాలంలో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికతో గ్రాంథిక గద్యానికి వన్నె తెచ్చాడు. ఒకరు భాషకు కట్టుబాటు కోరగా, మరొకరు వాడుకకు పట్టం కట్టారు. అనంతర కాలపు భాషావాదాలకు బీజాలు ఇక్కడే కనిపిస్తాయి.

బ్రౌను తాను సేకరించిన వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి అనంతరం ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. 1855లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు చేరిన బ్రౌను, 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడైనాడు. అవివాహితుడుగానే జీవించి, 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. 1903లో కందుకూరి వీరేశలింగం ప్రభృతులు అతని నిఘంటువును సంస్కరించారు. కడపలో అతని పేర స్మారక గ్రంథాలయం వెలసింది.

తెలుగు రాష్ట్రాల సరిహద్దులకు వెలుపల తెలుగు చదువుకొనే బాలబాలికలకు ఈ చరిత్ర ఆత్మవిశ్వాసాన్ని ప్రసాదిస్తుంది. వారు నేర్చే భాష ఈ నగరానికి కొత్త కాదు. దాని నిఘంటువు ఈ వీధుల్లోనే అచ్చయింది. పరాయి దేశీయుడొకడు ఇరవయ్యో ఏట అక్షరాలు దిద్ది, జీవితమంతా ధారపోసి నిలిపిన సంపదను ఉగ్గుపాలతో పొందినవారు చేజార్చుకోరాదు. ఇంట తెలుగు మాట, బడిలో తెలుగు పాఠం, చేతిలో తెలుగు పుస్తకం — ఈ మూడూ తరతరాలకూ కొనసాగినప్పుడే బ్రౌనుకూ, అతని చెంత శ్రమించిన పండితులకూ నిజమైన నివాళి అర్పించినట్లవుతుంది.