టీ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు

1935లో ఇంగ్లండులోని లింకన్ నగరంలో చాడ్ వారా అనే కుర్ర పాదరీ తన జీవితంలో మొదటిసారి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది పద్నాలుగేళ్ళ పిల్ల. మొదటిసారి ముట్టయితే, అదేదో చెప్పుకోకూడని రోగమనుకుని ప్రాణం తీసుకుంది. "ఇది అందరికీ అయ్యేదేలే" అని చెప్పడానికి ఆ పిల్లకి ఒక్క మనిషి దొరకలేదు. ఈ సంగతి వారాని చివరిదాకా వదల్లేదు. తొంభయ్యయిదేళ్ళు బతికి 2007లో పోయాడాయన. టెలిఫోనులో కష్టం వినే పద్ధతికి చరిత్ర రాయాలంటే ఆ పిల్ల దగ్గరే మొదలుపెట్టాలి.

వారాకి ఈ ఆలోచన కార్యరూపంలో పెట్టే వీలు చిక్కడానికి 18 ఏళ్ళు పట్టింది. అప్పటి లండన్లో సగటున రోజుకి ముగ్గురు ఆత్మహత్య చేసుకుంటున్నారని ఆయన ఎక్కడో చదివాడు. ఇల్లు తగలబడితే 999కి ఫోన్ చేస్తాం కదా, మరి మనిషి లోపల తగలబడుతుంటే ఎవరికి చెయ్యాలి? పోలీసులకా? ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆత్మహత్యాయత్నం నేరం. బతికి బయటపడ్డవాళ్ళని కోర్టుకి లాగేవారు. 1961లో ఆ చట్టం మారేదాకా ఇదే పరిస్థితి. చావాలనుందని నోరు తెరిచి చెప్పడం అంటే నేరం ఒప్పుకోవడంలాంటిదే.

లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అని ఒక చర్చి ఉంది. క్రిస్టఫర్ రెన్ కట్టింది. వ్యాపారాల పేట కాబట్టి అక్కడ కాపురాలుండే జనం తక్కువ, పాదరీకి పని కూడా తక్కువ. వారా అక్కడికి మారాడు. గుర్తుండిపోయే నంబరు కావాలని, మాన్ 9000 ఇమ్మని టెలిఫోన్ వాళ్ళని అడుగుదామనుకున్నాడట. తీరా చర్చిలో ఉన్న పాత నల్ల ఫోను మీద దుమ్ము తుడిచి చూస్తే ఆ నంబరే ఉందట! ఇది ఆయన చెప్పుకున్న కథ. మొదటి ఫోను 1953 నవంబరు 2న మోగింది. డిసెంబరు 7న డెయిలీ మిర్రర్ పత్రిక ఈ పనిని సమరయుల పని అని రాసింది. బైబిల్లో, దారిలో దెబ్బలు తిని పడివున్న పరాయివాణ్ణి అందరూ దాటుకుని పోతుంటే, ఆగి ఆదుకున్నవాడు సమరయుడు. అలా 'సమారిటన్స్' అనే పేరు పత్రికవాళ్ళు పెట్టింది స్థిరపడింది. పేరు బైబిల్దే అయినా, ఫోన్ చేసినవాళ్ళకి మతబోధ చెయ్యకూడదన్నది మాత్రం సంస్థ గట్టి నియమం.

అసలు విశేషం ఆ తరవాత జరిగింది. పత్రికలో చదివి జనం ఎగబడ్డారు, కొందరు ఫోన్లో, కొందరు నేరుగా. వినేవాడు ఒక్కడే, వచ్చినవాళ్ళు బోలెడుమంది. పాదరీగారి గది బయట కూచున్నవాళ్ళకి టీ ఇచ్చి, కాసేపు తోడుగా ఉండటానికి కొంతమంది వలంటీర్లు ముందుకొచ్చారు. వీళ్ళు డాక్టర్లు కారు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళూ కారు. కొన్ని వారాలు పోయాక వారా ఒకటి గమనించాడు. బయట టీ తాగుతూ వలంటీరుతో గోడు వెళ్ళబోసుకున్నవాళ్ళలో చాలామంది, లోపలికి రాకుండానే, "ఇంక ఫర్వాలేదండీ, వెళ్ళొస్తాం" అని వెళ్ళిపోతున్నారు. వాళ్ళకి కావలసింది ఆయన సలహా కాదు.

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. వారా మాత్రం 1954 ఫిబ్రవరిలో వినే పనంతా వలంటీర్లకే అప్పజెప్పేశాడు. నిపుణుడి సాయం కావలసినవాళ్ళని మాత్రమే తనదాకా పంపమన్నాడు. హెల్ప్‌లైన్ల చరిత్రలో అసలైన మలుపు ఇదేనని నా ఉద్దేశం. టెలిఫోన్ అనేది ఒక పనిముట్టు. కనిపెట్టింది మాత్రం ఈ సంగతిని: మామూలు మనిషి ఓపిగ్గా వింటే చాలాసార్లు అది సరిపోతుంది.

అయితే వినడమంటే ఊకొట్టడం కాదు. దానికి శిక్షణ ఉంటుంది, నియమాలుంటాయి. పేరు చెప్పక్కర్లేదు. విన్నది బయటికి పోకూడదు. తీర్పు చెప్పకూడదు. "నీకేం తక్కువ?", "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?" లాంటి మాటలు రాకూడదు. సలహా ఇవ్వాలన్న దురద ఆపుకోవడం అన్నిటికన్నా కష్టమంటారు. ఇంకొకటి, డొంకతిరుగుడు లేకుండా అడగాలి: "చనిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. పరిశోధనలు అలా కాదనే చెబుతున్నాయి. అడిగితే అవతలి మనిషికి ఊపిరి ఆడుతుంది, దాచుకున్నది పైకి చెప్పే వీలు దొరుకుతుంది. చావాలనుకునే మనిషిలో చాలాసార్లు బతకాలనే కోరిక కూడా పక్కనే ఉంటుంది. ఆ ఉప్పెన తగ్గేదాకా ఒకరు తోడుండటమే పని. వలంటీరు కూడా తన వంతు అయ్యాక, విన్న బరువు ఇంటికి మోసుకుపోకుండా, ఆ పూట పెద్దగా ఉన్నవాళ్ళతో మాట్లాడి మరీ వెళ్ళాలి. వినేవాళ్ళని వినేవాళ్ళు కూడా కావాలి కదా!

ఇంతకీ దీనివల్ల చావులు తగ్గాయా? ఇక్కడ చరిత్ర కాస్త ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లండు, వేల్స్‌లో ఏడాదికి ఆత్మహత్యలు 1963లో 5,714 ఉంటే, 1975కి 3,693కి తగ్గాయి. సమారిటన్స్ శాఖలు ఊరూరా వెలిసిన కాలం అదే. 1968లో బాగ్లీ అనే పరిశోధకుడు, శాఖ ఉన్న 15 పట్టణాలనీ లేని పట్టణాలనీ పోల్చి, ఉన్నచోట తగ్గాయని చూపించాడు. పదేళ్ళ తరవాత ఇంకో బృందం పట్టణాల జోడింపు మార్చి లెక్కేస్తే ఆ తేడా కనపడలేదు. ఈలోగా 1976లో క్రైట్‌మన్ మరో కారణం చూపించాడు: ఇళ్ళలో వంటకి వాడే బొగ్గు గ్యాసు విషపూరితమైనది. దాని స్థానంలో ప్రమాదం తక్కువున్న గ్యాసు రావడంతో ఒక మార్గం మూసుకుపోయింది. ఆ మార్గం దొరకనివాళ్ళు అందరూ ఇంకో మార్గం వెతుక్కోలేదు. బతికిపోయారు.

దీన్ని బట్టి వినడం వృథా అనేస్తే తొందరపాటే. గ్యాసు కథ చెప్పేదీ, టీ కథ చెప్పేదీ ఒకటే: ఆ గడ్డు సమయం దాటితే మనిషి బతుకుతాడు. చేతికందే దూరంలో ప్రమాదం లేకుండా చూడటం సర్కారు పని. ఆ సమయంలో పక్కన ఉండటం మనుషుల పని. ఒకదాని బదులు ఇంకొకటి సరిపోదు.

మన దేశంలోనూ చట్టం చాలాకాలం అడ్డు నిలిచింది. ఇంగ్లండు వదిలేసిన నేరాన్ని మనం సెక్షన్ 309గా దాచుకున్నాం. 1994లో సుప్రీం కోర్టు కొట్టేసింది, 1996లో మళ్ళీ నిలబెట్టింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. అంతకు చాలా ముందే, 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ వలంటీర్లతో 'స్నేహ' మొదలుపెట్టారు. పేరులోనే పద్ధతంతా ఉంది. అక్కడివాళ్ళు ఫోన్లు వినడంతో ఆగలేదు. పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది నష్టపోకుండా వెంటనే మళ్ళీ రాసే వీలుండాలని పోరాడితే, తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకుంది. హైదరాబాదులో 'రోష్ని' వలంటీర్లు ఇదే పని చేస్తున్నారు. ఇంటర్ ఫలితాల రోజులు మన రెండు రాష్ట్రాల్లో ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకి ఈ పని విలువ వేరే చెప్పాలా?

'ఆత్మహత్య' అన్న మాటలోనే హత్య ఉంది. చట్టం మారినా ఆ మాట వెంట వచ్చే పరువు భయం మారలేదు. నలుగురూ ఏమనుకుంటారో అని ఇంట్లో మాట బయట పడనివ్వం. చెప్పుకుంటే బరువు తగ్గుతుందని మనకి తెలియక కాదు. చెప్పుకోబోతే మధ్యలోనే "ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి" అని మూత పెట్టేస్తాం. ప్రేమతోనే పెడతాం. కానీ మూత మూతే.

2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకి పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. తెలుగులో మాట్లాడతారు. చెయ్యవలసిన అవసరం మీకున్నా, మీ వాళ్ళకున్నా, ఆలోచించకుండా చెయ్యండి. మిగిలినవాళ్ళం లండన్లోని ఆ టీ ఇచ్చినవాళ్ళ దగ్గర ఒక్కటి నేర్చుకోవచ్చు. ఎవరైనా చెప్పుకోడానికి వస్తే, వాళ్ళ మాట పూర్తయ్యేదాకా మన మాట ఆపుకోవడం.