నిన్నటి రొట్టెకు పట్టాభిషేకము

1895వ సంవత్సరమున గై బెరింజర్ అను ఆంగ్ల రచయిత 'హంటర్స్ వీక్లీ' అను పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. శనివారము రాత్రి ప్రొద్దుపోవువరకు వేడుకలలో గడపినవారిని ఆదివారము ప్రొద్దున్నే లేపి, చర్చి నుండి తిరిగివచ్చిన పిమ్మట మాంసములతో నిండిన బరువైన భోజనము ముందు కూర్చుండబెట్టుట న్యాయము కాదనియు, ఉదయపు ఫలాహారమును మధ్యాహ్న భోజనమును ఒక్కటిగా కలిపివేసి, మధ్యాహ్నము కావచ్చిన వేళ టీతోనో కాఫీతోనో నిదానముగా ఆరంభించినచో మనుష్యులు కొంత ప్రసన్నముగా నుందురనియు ఆయన వాదించెను. 'బ్రేక్‌ఫాస్ట్' తలను 'లంచ్' మొండెమునకు అతికించి ఆ పూటకు 'బ్రంచ్' అని పేరు పెట్టినారు. మాటల సంధిలో మనవారిని మించినవారు లేరనుకొందుము గాని, ఆంగ్లేయులు ఆకలి వేసినపుడు ఆపాటి సంధి చేయగలరు.

బెరింజర్ కోరిన తేలికదనము మాత్రము ఆ పూటకు దక్కలేదు. డాలసులోనో న్యూజెర్సీలోనో కాపురమున్న పిల్లలను చూడబోయిన మన తల్లిదండ్రులు ఏదో ఒక ఆదివారము ఈ బ్రంచి బల్ల ముందు కూర్చుండక తప్పదు. అప్పుడు వారి యెదుట నిలుచు మహా పదార్థము 'స్టఫ్డ్ ఫ్రెంచ్ టోస్ట్'. అంగుళమున్నర మందము గల రొట్టె ముక్కను ప్రక్కనుండి చీల్చి, ఆ సంచివంటి సందులో తీపి కలిపిన క్రీమ్ చీజ్ కూరి, గ్రుడ్లు గిలకొట్టిన పాలలో ముంచి, వెన్నలో ఎఱ్ఱగా కాల్చి, దానిపై స్ట్రాబెర్రీలను రసముతో సహా క్రుమ్మరించి తెచ్చి పెట్టుదురు. "ఇది టిఫినా, పెండ్లివారి విందా?" అని పెద్దావిడ నవ్వుట, "ఒక్క ముక్క రుచి చూడమ్మా" అని కొడుకు బ్రతిమాలుట, చివరకు పళ్ళెము ఖాళీ యగుట, ఇదంతయు నేను కన్నులార చూచినదే.

ఈ వంటకమును గూర్చి మాటాడువారు సాధారణముగా ఒక నిట్టూర్పు విడుతురు. ఎండిపోయిన రొట్టెను పారవేయలేని పేదలు, దానిని పాలలో నానబెట్టి కాల్చుకొని తినిరనియు, ఆ పొదుపు వంటను ధనికులు పట్టుకొనిపోయి కూరి, పండ్లు పేర్చి, పాడుచేసిరనియు వారి అభియోగము. చద్దన్నమునకు పెరుగు, ఉల్లిపాయ తోడైనంతవరకు అందమే గాని, దానిపై జీడిపప్పులు చల్లినచో ఏమి శోభ అని మనవారు ప్రశ్నించినట్లు. నేనును చాలకాలము ఆ పక్షముననే యుంటిని. పాత పాకగ్రంథములను తిరుగవేయ మొదలిడిన తరువాత ఆ నమ్మకము నిలువలేదు.

మొట్టమొదటి సాక్షి రోము. తిబెరియస్ చక్రవర్తి కాలమున తిండిపోతుతనమునకు ప్రసిద్ధికెక్కిన అపీషియస్ పేరు మీద, అంతకు కొన్ని శతాబ్దముల తరువాత కూర్చబడిన లాటిన్ పాకగ్రంథ మొకటి కలదు. దాని ఏడవ భాగమున తీపి పదార్థముల నడుమ, పేరైనను లేక, 'మరియొక తీపి' అను శీర్షికతో మూడు నాలుగు పంక్తుల విధాన మున్నది: మేలురకపు గోధుమపిండితో చేసిన తెల్లరొట్టె పైపెచ్చు తీసివేసి, పెద్ద ముక్కలుగా త్రుంచి, పాలలో నానబెట్టి, నూనెలో వేచి, తేనె పోసి వడ్డింపుము. అంతే. గ్రుడ్డు లేదు. రొట్టె నిన్నటిదై యుండవలెనను మాటయు లేదు. పైపెచ్చు తీసివేసిన తెల్లరొట్టె రోములో బీదవాని తిండి కాదు. బీదవాడు తినునది నల్లనిది, ముతకది, పెచ్చుతో సహా.

గ్రుడ్డు లేని ఈ విధానమును చదువుచుండగా హైదరాబాదు పెండ్లివిందులలోని డబుల్ కా మీఠా తలపునకు రాక మానదు. డబుల్ రొట్టెను ముక్కలు కోసి, నేతిలో ఎఱ్ఱగా వేచి, పాలలోను పంచదార పాకములోను ఊరనిచ్చి, ఏలకులు, కుంకుమపువ్వు తగిలించిన ఆ మీఠాకును రోమను తీపికిని పుట్టుకలో చుట్టరికమున్నదని నేను చెప్పబూనలేదు. అయినను వేచిన రొట్టె, పాలు, తీపి అను మూడు మెట్లను బట్టి చూచినచో ఈనాటి అమెరికా టోస్టుకంటె మన హైదరాబాదు మీఠాయే అపీషియస్ వంటకు దగ్గరగా నున్నది. గ్రుడ్డులో ముంచి కాల్చిన రకమునకు మన దేశమున బొంబాయి టోస్టని పేరు. ఫ్రాన్సువారి పేరే దానికి సరిపడనపుడు బొంబాయి పేరుతో తగవు పడనేల?

మధ్యయుగములకు వచ్చునప్పటికి గ్రుడ్డు చేరినది. ఫ్రెంచి రాజుల వంటవాడు గియోమ్ తిరెల్ పేరున ప్రచారమైన 'వియాందియే' గ్రంథమున గట్టిపడిన తెల్లరొట్టెను ముక్కలు చేసి, గ్రుడ్ల పచ్చసొనలో తడిపి, వేచి, పంచదార చల్లు విధానము కానవచ్చును. ఇటలీలో 15వ శతాబ్దపు పాకశాస్త్రవేత్త మార్తీనో చెప్పిన 'బంగారు రొట్టె' మరింత ఘనమైనది. పెచ్చు తీసిన ముక్కలను కొంచెము కాల్చి, పంచదారయు పన్నీరును కలిపి గిలకొట్టిన గ్రుడ్లలో నానబెట్టి, వెన్నలోనో కొవ్వులోనో వేచి, కుంకుమపువ్వుతో పసుపుపచ్చనైన పన్నీటిని పైన చిలుకరింపవలెనట. ఆ కాలపు ఐరోపాలో పంచదారను మందుల అంగళ్ళలో తూచి అమ్మెడివారని జ్ఞాపకముంచుకొన్నచో, ఇది ఏ బీదరాలి పొయ్యిమీద ఉడికినదో ఊహించుట కష్టము. స్పెయిన్‌లో దీనినే తొర్రీహా అందురు. ఇప్పుడది ఈస్టరు పండుగకు ముందటి ఉపవాస దినముల వంటకము గాని, 1496లో అచ్చయిన హువాన్ దెల్ ఎన్సీనా కవితాసంపుటిలో తేనె, గ్రుడ్లు దీనికి కావలసిన సంభారములుగా పేర్కొనబడినవి. ప్రసవించిన స్త్రీకి బలము వచ్చుటకై దీనిని పెట్టుట అచ్చటి పూర్వాచారము. మన బాలింత పథ్యములతో పోల్చినచో ఆ దేశపు బాలింతలు అదృష్టవంతులే.

పేదరికమంతయు పేర్లలోనే యున్నది. ఫ్రెంచివారు దీనిని 'ఫ్రెంచి టోస్టు' అని ఎన్నడును పిలువరు; వారికిది 'పాఁ పెర్దూ', అనగా పోయిన రొట్టె, చేజారిన రొట్టె. జర్మనులకిది 'ఆర్మె రిట్టర్', పేద వీరుడు. 1350 ప్రాంతమున వుర్ట్స్‌బుర్గులో కూర్చబడిన జర్మన్ పాకగ్రంథముననే ఈ మాట కలదు. ఆంగ్లేయులు 'విండ్సరు పేద వీరులు' అనిరి. ఆ వీరులు కల్పితులు కారు. ఫ్రాన్సుతో జరిగిన యుద్ధములలో బందీలై, విడుదల సొమ్ము చెల్లించుటకు ఆస్తులమ్ముకొని నిలువనీడ లేకపోయిన యోధులకై మూడవ ఎడ్వర్డు 1348లో విండ్సరు కోటలో ఒక ధర్మాశ్రయము కల్పించెను. 1833లో నాలుగవ విలియం రాజు వారి బిరుదులోని 'పేద'ను తొలగించి 'సైనిక వీరులు'గా మార్చెను. కోటలోని వృద్ధులకు ఆ మాట పోయినది. పళ్ళెములోని రొట్టెకు మాత్రము మిగిలినది.

ఇక కూరిన రకము అమెరికావారి దురాశవలన పుట్టినదని తలచువారు ఒకసారి ఆస్ట్రియాకును బవేరియాకును పోయి రావలెను. అక్కడ 'పోఫెజెన్' అను వంటకమున్నది. రెండు రొట్టె ముక్కల నడుమ పోవిడ్ల్ అను ప్లమ్ పండ్ల లేహ్యమును పూసి (పంచదార వేయకయే నల్లబడి చిక్కబడువరకు గంటల తరబడి కాచెడి లేహ్యమది), పాలలోను గ్రుడ్డులోను ముంచి, సలసల కాగు నేతిలో వేచి, దాల్చినచెక్క పొడియు పంచదారయు చల్లుదురు. పూర్వము తీపికి బదులు దూడ మెదడు కూరిన రకము కూడ నుండెడిది. దాని రుచి నాకు తెలియదు, తెలిసికొనవలెనను కోరికయు లేదు. నన్ను ఆకర్షించినది ఆ పేరు. ఇటలీలోని పావియా నగరము పేరిట 'పవేజె' అను పెద్ద డాలు ప్రసిద్ధము. ఆ డాలు ఆకారమును తలపించుటచే రొట్టెకు ఆ పేరు వచ్చినది. జర్మను వీరుడు పేదవాడైతే కావచ్చును గాని, ప్రక్క వంటింటిలో ఆయన డాలు మాత్రము నిండుగానే యున్నదన్న మాట! ఇట్లే హాంకాంగు టీ దుకాణములలో రెండు ముక్కల నడుమ వేరుసెనగ వెన్న పూసి, గ్రుడ్డులో ముంచి, నూనెలో వేచి, వెన్నముద్దయు పాకమును పైన వేసి ఇచ్చుట నేటికిని నిత్యకృత్యము.

'ఫ్రెంచి టోస్టు' అను ఆంగ్లపదము 1660లో రాబర్ట్ మే రచించిన పాకగ్రంథమునందున్నది. కాని ఆయన చెప్పినది కాల్చిన ఫ్రెంచి రొట్టెను ద్రాక్షసారాయిలోను నారింజ రసములోను నానవేసినది మాత్రమే, గ్రుడ్డు ఊసే లేదు. 1724లో ఆల్బనీ పట్టణమున జోసెఫ్ ఫ్రెంచ్ అను పూటకూళ్ళవాడు దీనిని కనిపెట్టెనను కథ అమెరికాలో వినవచ్చును. అంతకు అరువదినాలుగేండ్ల ముందే మే పుస్తకము అచ్చులో నుండగా ఆ కథ ఎట్లు నిలుచునో చెప్పువారు చెప్పరు. 2003లో ఇరాకు యుద్ధమును ఫ్రాన్సు వ్యతిరేకించినదన్న కోపముతో అమెరికా ప్రతినిధుల సభ భోజనశాలలు దీనిని 'ఫ్రీడమ్ టోస్టు' అని మార్చి, 2006లో చప్పుడు చేయక పాత పేరునే మరల వ్రాసికొన్నవి. లోపల కూరెడి చీజు కథయు ఇటువంటిదే. 1872లో న్యూయార్కు రాష్ట్రములోని చెస్టరు పట్టణమున విలియం లారెన్స్ అను పాడిపరిశ్రమ వర్తకుడు చేసిన ఆ మెత్తని చీజునకు 1880లో 'ఫిలడెల్ఫియా' అని పేరు తగిలించిరి; ఆ నగరపు పాలసరకులకు మంచి పేరుండుట తప్ప వేరు కారణము లేదు.

ఈ వంటకమునకు నిజముగా కీడు చేసినది కూరుటయు కాదు, పండ్లును కావు, రొట్టెయే. 1928 జూలై 7న మిస్సోరి రాష్ట్రములోని చిల్లికోతె పట్టణమున ఓటో రోవెడర్ నిర్మించిన యంత్రముతో కోసిన రొట్టె మొదటిసారి అమ్మకమునకు వచ్చెను. కోసిన రొట్టె ఎండక మెత్తగా నుండవలెనన్న కాగితములో బిగియ చుట్టియుండవలెను. ఆ మెత్తదనమే క్రమముగా అన్ని దేశముల అంగళ్ళను ఆక్రమించినది. మెత్తని పలుచని ముక్క పాలను తాగజాలదు, తాగినచో నిలువజాలదు.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన గాక పెనము వలన తెలిసినది. మొదటిసారి చేయబూనిన నాడు అప్పుడే కొనివచ్చిన రొట్టెతో ఆరంభించితిని. చీజు కూరినంతసేపు బాగుగనే యున్నది. పాలలో ముంచి పైకెత్తగానే ముక్క నడుమకు జారి, పెనము మీదికి సగమే చేరినది. పగులునుండి చీజు వెలికి వచ్చి, వెన్నతో కలిసి మాడి, ఇల్లంతయు పొగ. క్రింద పడిన సగమును నేను తుడుచుచుండగా, పొయ్యి మీది సగమును మా ఇంటివారు అట్లకాడతో గీకి, "ఉప్మా చేసియుంటే పోయేది కదండీ" అనిరి. 1979లో వచ్చిన 'క్రేమర్ వర్సెస్ క్రేమర్' చిత్రమున, భార్య విడిచిపోయిన మరునాడు కుమారునికి ఫ్రెంచి టోస్టు చేయబోయి డస్టిన్ హాఫ్‌మన్ పడిన పాట్లు, కప్పులో పడిన గ్రుడ్డు పెంకుతో సహా, నాకప్పటినుండి నవ్వు పుట్టించుట మానినవి. అదే చిత్రపు చివర తండ్రికొడుకులు మాటాడకయే చకచక అదే వంటను చేసికొందురు. సాధనమున ఇది సమకూరునని నాకు ధైర్యము కలిగినది అక్కడనే.

రొట్టె పాతబడుట కేవలము ఎండుట కాదని ఫ్రెంచి రసాయనవేత్త బూసింగో 1852లోనే నిరూపించెను. గాలి చొరని పాత్రలో, తడి ఏమాత్రము తగ్గకయే, రొట్టె గట్టిపడినది. వేడి చేయగా మరల మెత్తబడినది. పిండిలోని గంజిపదార్థము కాలక్రమమున మరల పేరుకొనుటయే దానికి కారణము. ఆ గట్టితనము వలన ముక్క పాలను తాగియు ఒడలు విడువదు. దానికి తోడు కొంత ఎండినచో ఎక్కువ తాగును. మూడు గ్రుడ్లకు ఒక కప్పు పాలు, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి చాలును. కూరిన ముక్కను ప్రక్కకు అర నిమిషము చొప్పున నాననిచ్చి, వెన్నలో కొంచెము నూనె కలిపి, సన్నని సెగ మీద కాల్చవలెను. ఒట్టి వెన్న తొందరగా మాడును. పైన వేయు స్ట్రాబెర్రీలను అరగంట ముందుగా కోసి పంచదార చల్లియుంచినచో వాటి రసము అవే విడుచును, పాకము కాచు పని యుండదు. మామిడి కాలమున బంగినపల్లి ముక్కలకు ఆపాటి పంచదారయు అక్కరలేదు.

వచ్చు ఆదివారము చేయదలచినవారు కోయని రొట్టెనే అడిగి శుక్రవారము సాయంత్రము కొనుడు. శనివారము రాత్రి లావు ముక్కలు కోసి, గుడ్డ కప్పి, బల్ల మీద విడిచిపెట్టుడు.