లొట్టపీసు, తూటికూర: చెరువుగట్టు నేర్పిన రెండు పాఠాలు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో చెరువుకట్టల వెంట నడిచేవారికి నీటి అంచున లేత గులాబీ రంగు గరాటు పూలతో గుబురుగా పెరిగే మొక్క ఒకటి పరిచితమే. మన పల్లెలలో దానిని లొట్టపీసు అంటారు. ఆంధ్ర ప్రాంతంలో తూటికాడ అనే పేరు వాడుకలో ఉన్నది. శాస్త్రీయ నామం ఐపోమియా కార్నియా. ఇది మన నేలలో పుట్టినది కాదు. ఉష్ణమండల అమెరికా దీని జన్మస్థానం. పూల అందం కోసమూ, కంచెల కోసమూ నాటగా, క్రమంగా చెరువులను, కాలువలను ఆక్రమించినది. విరిగిన కొమ్మ తడినేలపై పడితే చాలు, వేరు తొడుగుతుంది.

దీనిలోని విషం కథ వైద్య చరిత్రలో ఆసక్తికరమైనది. మాన్నోసిడోసిస్ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధిని 1967లో స్వీడన్ వైద్యుడు ఓకర్మన్ వర్ణించాడు. కణాలలో చెత్తను జీర్ణం చేసే లైసోజోములలో ఒక ఎంజైము లోపించి, చక్కెర పదార్థాలు పేరుకొనిపోవడమే ఆ వ్యాధి. ఆస్ట్రేలియాలో స్వైన్‌సోనా అనే మొక్కను మేసిన పశువుల కణాలలోనూ అటువంటి మార్పులే కనబడ్డాయి. అక్కడి శాస్త్రవేత్తలు 1979లో ఆ మొక్క నుండి స్వైన్‌సోనైన్ అనే విషాన్ని వేరుచేశారు. జన్యులోపం చేసే హానినే ఆ విషమూ చేస్తున్నదన్నమాట. తరువాతి కాలంలో అదే విషం లొట్టపీసులోనూ ఉన్నదని తేలినది.

సాధారణంగా పశువులు ఈ ఆకును ముట్టవు. కరువు రోజులలో, పచ్చగడ్డి దొరకనప్పుడు, మేకలు, గొర్రెలు దీనిపై పడతాయి. ఒకసారి రుచి మరిగితే వెదకి మరీ తింటాయి. కొన్ని వారాలకు చిక్కిపోతాయి, తల వణుకుతుంది, నడక తూలుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఈ విషం పాలలోకి కూడా చేరుతుందని జంతువులపై జరిపిన ప్రయోగాలు తెలిపాయి. కనుక ఇది కాపరుల సమస్య మాత్రమే కాదు.

మనుషులకు పొరపాటు జరిగే అవకాశం మరొకచోట ఉన్నది. మనం తినే తూటికూర దీనికి దగ్గరి చుట్టమే. రెండింటికీ గరాటు పూలే, రెండింటి కాడలూ డొల్లే, తుంచితే రెండింటిలోనూ పాలు కారతాయి. కాబట్టి ఆ గుర్తులను నమ్మరాదు. తూటికూర నీటిపైనో బురదపైనో పాకుతుంది, కణుపు కణుపుకూ వేర్లు వేస్తుంది. లొట్టపీసు నిటారుగా పొదవలె నిలుస్తుంది, మనిషి ఎత్తును మించుతుంది, మొదలు కట్టెబారుతుంది. పాకేది కూర, నిలిచేది విషం. పిల్లలకు ఈ ఒక్క మాట నేర్పితే చాలు.

అయితే మన ప్రాంతానికి ఈ పాఠం సగమే. 1970వ దశకంలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వెలసినది. రసాయన, ఔషధ పరిశ్రమల వ్యర్థజలం ఇస్కవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు సాగినది. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినది. వైద్యుడైన అల్లాని కిషన్‌రావుగారు ఈ కాలుష్యంపై దశాబ్దాలపాటు పోరాడారు. ఇక్కడి నేలలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటి లోహాలు చేరిన తీరును జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు. ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిలో లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ.

తూటికూర తాను పెరిగే నీటిలోని లోహాలను పీల్చుకొని నిలువచేసుకొనే మొక్క. ఉడికించినా, ఉప్పునీటిలో కడిగినా లోహం పోదు. అంటే ఆకును సరిగా గుర్తించినవాడు కూడా ఇక్కడ మోసపోవచ్చు. ప్రభుత్వ సేవలో ఉన్నంతకాలం కడుపునొప్పితో వచ్చినవారిని "ఏమి తిన్నారు?" అని అడిగేవాడిని. "అది ఏ నీటిలో పెరిగినది?" అని అడగాలని నాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టినది. ఆ ఆలస్యం నాకిప్పటికీ బాధ కలిగిస్తుంది.

కనుక నా మనవి ఇది. నిటారుగా నిలిచే మొక్కను ముట్టవద్దు. మేకలను వేసవిలో ఆ గుబుర్ల వైపు తోలవద్దు. పాకే కూరనైనా పరిశ్రమల వాగుల వద్ద, వాటి నీరు చేరే చెరువులలో కోయవద్దు. మంచి నీటితో పెంచినదని తెలిసినప్పుడే కొనండి. ఎవరైనా పొరపాటున లొట్టపీసు తింటే, బలవంతంగా వాంతి చేయించక, ఆ కొమ్మను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి.

పూర్వం మన పెద్దలకు ఆకును ఎరిగితే సరిపోయేది. మనం నీటిని కూడా ఎరగవలసిన కాలంలో ఉన్నాము.