హెచ్‌ఐవి సోకి ఉండవచ్చన్న అనుమానం: వైద్య నమోదు, కోడింగ్ చరిత్ర

హెచ్‌ఐవి ఉన్నవారి రక్తం మరొకరికి తగిలి, వైరస్ సోకిందో లేదో తేలని దశను వైద్య రికార్డుల్లో జబ్బుగా రాయరు. దానికి వేరే పద్దు ఉంది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో సవరణ (ఐసీడీ-10)లో ఆ పద్దు సంఖ్య జెడ్20.6. అనకాపల్లి జిల్లా ఎలమంచిలిలో ఓ నర్సుకు సూది గుచ్చుకున్నా, అమెరికాలో గుచ్చుకున్న నర్సు చార్టు విశాఖలోనో హైదరాబాద్‌లోనో తెలుగు కోడర్ తెర మీదికి వచ్చినా రాయాల్సింది ఒకటే: తగిలింది, సోకినట్టు తేలలేదు.

ఈ తేడా మొదట్లో కాగితం మీద లేదు. 1981లో అమెరికాలో ఎయిడ్స్ కేసులు బయటపడేనాటికి వాడుకలో ఉన్న ఐసీడీ-9లో ఆ జబ్బుకే చోటు లేదు. కేసుల్ని రోగనిరోధక లోపాల కింద 279.1లో సర్దేవారు. 1986 అక్టోబరులో అమెరికా 042 నుంచి 044 వరకు కొత్త సంఖ్యలు చేర్చింది. 1994 అక్టోబరులో జబ్బు ముదిరినవారికి 042, వైరస్ ఉన్నా లక్షణాలు లేనివారికి వి08 అని విడగొట్టింది. అనుమానం మాత్రం మిగతా వైరస్‌లతో కలిసి వి01 గుంపులోనే ఉండిపోయింది. ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించిన ఐసీడీ-10 దాన్ని వేరు చేసింది. తగిలితే జెడ్20.6, లక్షణాలు లేకుండా సోకి ఉంటే జెడ్21, జబ్బుకు బి20 నుంచి బి24, పరీక్ష ఎటూ తేల్చకపోతే ఆర్75.

పద్దు ఏర్పడితే చాలదు, అందులో ఏం రాయాలో కూడా తేలాలి. ఆ పని మందు వల్ల జరిగింది. హెచ్‌ఐవి రక్తమున్న సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం. జిడోవుడిన్ వాడిన ఆరోగ్య సిబ్బందిలో ఆ ముప్పు దాదాపు 81 శాతం తగ్గినట్టు 1997లో ఒక అధ్యయనం చూపింది. మరుసటి ఏడాది అమెరికా మార్గదర్శకాలు గాయం తీవ్రతకు ఒక కోడ్, రక్తం ఎవరిదో వారి స్థితికి మరో కోడ్ పెట్టి, రెండూ కలిపి మందు నిర్ణయించమన్నాయి. బిల్లు కోసం పుట్టిన కోడ్‌లు కావవి, అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు దారి చూపడానికి పెట్టినవి. 2001లో వాటి స్థానంలో పట్టికలు వచ్చాయి.

భారతదేశంలో తొలి హెచ్‌ఐవి కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సొసైటీ ఏర్పడ్డాయి. అప్పట్లో గర్భిణుల్లో హెచ్‌ఐవి ఒక శాతం దాటిన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2000ల తొలి ఏళ్లలో ప్రచారం కోసం సృష్టించిన పాత్ర పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఊరూరా హోర్డింగులు అడిగాయి. ఊరు ఆ ప్రశ్నను జోకుగా చేసుకుంది. పరీక్షా కేంద్రంలో అదే ప్రశ్నను పేరు బయటికి రాకుండా అడగాలి. 2006లో పాత కేంద్రాలను కలిపి సమీకృత కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు (ఐసీటీసీ)గా మార్చారు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది.

సూది గుచ్చుకుంటే చేయాల్సింది వరసగా ఉంటుంది. పారే నీటి కింద సబ్బుతో కడగాలి, పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. ఇచ్చేది 28 రోజుల కోర్సు. ఇప్పుడది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒక్క మాత్ర. కేస్ షీట్‌లో సూది బోలుదా కాదా, రక్తం కనిపించిందా, ఎంత లోతు దిగింది, గ్లోవ్స్ ఉన్నాయా, హెపటైటిస్-బి టీకా పడిందా అన్నవి రాస్తారు. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు: గుచ్చుకున్న సమయం, అదే రోజు చేసిన రక్తపరీక్ష ఫలితం. ఆ రోజు నెగటివ్ అని కాగితం మీద లేకపోతే, తర్వాత పాజిటివ్ వచ్చినప్పుడు డ్యూటీలోనే సోకిందని నిరూపించుకోవడం సిబ్బందికి కష్టం. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ పరీక్షలుంటాయి. మాత్రలయ్యాక రావడం మానేసేవాళ్ల పద్దు తేలకుండానే ఉండిపోతుంది.

నమోదులో గోప్యత కోర్టుల దాకా వెళ్లిన విషయం. రోగి పేరు దాచి ఎక్స్ అనే అక్షరంతో నడిచిన కేసులో 1998లో సుప్రీంకోర్టు, పెళ్లాడబోయే వ్యక్తి ఆరోగ్యం దృష్ట్యా ఆసుపత్రి అతని హెచ్‌ఐవి సంగతి చెప్పడం తప్పు కాదంది. దాత రక్తానికి హెచ్‌ఐవి పరీక్ష చేయకుండా ఎక్కించారన్న సింగరేణి కాలరీస్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2001లో తీర్పిచ్చింది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవి చట్టం ప్రకారం పరీక్షకు సమ్మతి తప్పనిసరి. ముప్పున్న పనుల్లో ఉన్నవారికి రక్షణ సామగ్రి, సోకే అవకాశం ఏర్పడితే మందు ఇవ్వాల్సిన బాధ్యత సంస్థదే.

అమెరికా ఆసుపత్రులకు పనిచేసే తెలుగు కోడర్లకు 2015 అక్టోబరు 1 బాగా గుర్తు. ఆ రోజే అక్కడ ఐసీడీ-10కు అమెరికా రూపమైన ఐసీడీ-10-సీఎం అమల్లోకి వచ్చింది. అందులో హెచ్‌ఐవికి ఒక మినహాయింపు ఉంది. ఇన్‌పేషెంట్ చార్టులో న్యుమోనియా ఉండవచ్చని డాక్టరు రాసి డిశ్చార్జి చేస్తే, ఉన్నట్టే కోడ్ చేస్తారు. హెచ్‌ఐవి ఉండవచ్చని రాస్తే అలా చేయకూడదు. డాక్టరు నిర్ధారించిన కేసుకే బి20 లేదా జెడ్21. ఒకసారి బి20 వేశాక ఆ మనిషికి మళ్లీ జెడ్21 వేయరు. బి20 అనే ఆ ఒక్క సంఖ్య పొరపాటున పడితే బీమా రికార్డులో అతను జీవితాంతం ఎయిడ్స్ రోగిగా మిగిలిపోవచ్చు, అందుకే కొత్త కోడర్లు దీన్ని ముందుగా నేర్చుకోవాలి. అనుమానం రాకముందే నివారణ మాత్ర వేసుకునేవారికి 2023 అక్టోబరు నుంచి జెడ్29.81 అనే సంఖ్య విడిగా వచ్చింది.