ఆర్‌వీ జనరేటర్

అమెరికాలో ఆర్‌వీగా పిలిచే ఇంటి బండిలో, కరెంటు కనెక్షన్ లేనిచోట ఏసీ నడపడానికి వాడే చిన్న జనరేటర్. పైకప్పు మీది 13,500 బీటీయూ ఏసీ నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లే తీసుకున్నా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అంతకు ఎంతో ఎక్కువ లాగుతుంది. ఎంపికలో అసలు చిక్కు ఇదే. కంప్రెసర్‌ను మెల్లగా మొదలుపెట్టించే సాఫ్ట్ స్టార్టర్ అనే పరికరాన్ని ఏసీకి బిగిస్తే ఆ తాకిడి బాగా తగ్గి, నిరంతరంగా 1,800 వాట్లిచ్చే హోండా ఈయూ2200ఐ వంటి ఇన్వర్టర్ రకం కూడా చాలాసార్లు సరిపోతుంది. పెద్ద యంత్రం కొనేకన్నా ఇదే మేలు. లోడును బట్టి ఇంజను వేగం మారుతుంది కనుక ఇన్వర్టర్ రకం చప్పుడు తక్కువ, అయితే ఏసీ నడిచేటప్పుడు ఆ నిశ్శబ్దం కొంత పోతుంది. అమెరికా జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరంలో జనరేటర్ శబ్దం 60 డెసిబెల్స్ దాటకూడదు. ఎత్తయిన కొండల్లో గాలి పలచబడి ఇంజను శక్తి తగ్గుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. జనరేటర్‌ను కిటికీలకు దూరంగా పెట్టాలి, బండిలో అలారం తప్పక ఉండాలి.